గురి నిలిపే గాజు

అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో జె. డబ్ల్యు. ఫెకర్ పేరుతో ఒక కార్ఖానా ఉండేది. అక్కడ రెండు రకాల గొట్టాలు చేసేవాళ్లు. ఒకటి రైఫిలు మీద బిగించుకునే సన్నని ఉక్కు గొట్టం. గురి పోటీలకు వెళ్లేవాళ్లు దాన్ని ఏరికోరి కొనుక్కునేవారు. రెండోది ఖగోళ పరిశోధనశాలలకు వెళ్లే భారీ దూరదర్శిని. ఆ రెండో రకంలో ఒకటి, 48 అంగుళాల అద్దం ఉన్నది, మన నాగార్జునసాగర్ రోడ్డుకు వచ్చింది. హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, యాచారం మీదుగా నందికొండకు వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా, జాపాల, రంగాపూర్ ఊళ్ల దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం కట్టిన వేధశాలలో దాన్ని నిలబెట్టారు. 1968లో అది పని మొదలుపెట్టింది. 1986లో తమిళనాడులోని కావలూరులో 2.3 మీటర్ల అద్దం వచ్చేదాకా దేశంలో నక్షత్రాలను చూసేందుకు అంతకన్నా పెద్ద అద్దం లేదు.

తుపాకి మీది స్కోపు, గుట్ట మీది దూరదర్శిని ఒకే చేతుల్లో తయారవడం కాకతాళీయం కాదు. హైదరాబాద్‌లోని పాత దూరదర్శిని కథ కూడా అదే చెబుతుంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో తెప్పించిన 15 అంగుళాల కటకపు దూరదర్శినితో నిజామియా వేధశాల మొదలైంది. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది, తర్వాత అది బేగంపేటకు మారింది. ఆ 15 అంగుళాల దూరదర్శిని చేసింది డబ్లిన్‌కు చెందిన హోవర్డ్ గ్రబ్. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1900లో, అదే గ్రబ్ తుపాకులకు ఒక కొత్త రకం గురి సాధనానికి పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ షాట్‌గన్‌ల మీద, సైనికుల రైఫిళ్ల మీద ఎర్రచుక్కతో వెలిగే చిన్న గాజు పెట్టె ఉంటుంది కదా, దాని మూలపురుషుడు ఆ గ్రబ్ సాధనమే. తుపాకి స్కోపు ఖగోళ శాస్త్రం కడుపున పుట్టిన బిడ్డ. తల్లి గుణాలు తెలియకుండా బిడ్డను అంచనా వేయలేం. మంచి స్కోపు ఏదో, ఆటబొమ్మ ఏదో తేల్చుకోవాలన్నా ఆకాశం దగ్గరే మొదలుపెట్టాలి.

దూరదర్శిని 1608 నుంచి ఉంది. కానీ గెలీలియో వాడిన రకంతో గురి పెట్టడం కుదరదు. అందులో కంటి దగ్గర పుటాకార కటకం ఉంటుంది, కాబట్టి గొట్టం లోపల ఎక్కడా దృశ్యపు బొమ్మ నిలవదు. 1611లో కెప్లర్ రెండు కుంభాకార కటకాలతో మరో అమరిక చెప్పాడు. అందులో ముందు కటకం దూరంగా ఉన్న వస్తువు బొమ్మను గొట్టం మధ్యలో, గాలిలోనే, తలకిందులుగా నిలబెడుతుంది. కంటి కటకం ఆ బొమ్మను పెద్దది చేసి చూపుతుంది. ఆ బొమ్మ నిలిచే చోట ఏ వస్తువు పెట్టినా అది కూడా బొమ్మతో సమానంగా స్పష్టంగా కనిపిస్తుంది. ఈ సంగతి పట్టుకున్నవాడు ఇంగ్లండుకు చెందిన విలియం గాస్కోయిన్. దాదాపు 1640లో అతని దూరదర్శిని లోపల ఒక సాలీడు గూడు అల్లిందట. ఆ పోగు సరిగ్గా బొమ్మ నిలిచే చోట పడింది. దూరాన ఉన్న సూర్యుడు, కంటి ముందున్న సాలెపోగు, రెండూ ఒకేసారి స్పష్టంగా కనబడ్డాయి. అతను అక్కడే ఆగిపోలేదు. కదిలించగల అంచులు అమర్చి గ్రహాల కోణీయ వెడల్పు కొలిచాడు. 1644లో మార్‌స్టన్ మూర్ యుద్ధంలో యువకుడిగానే చనిపోయాడు. ఆ పోగు మాత్రం తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా వేధశాలల్లో, సర్వే సాధనాల్లో బతికింది. సాలెపోగు అంత సన్నగా, బిగువుగా, సాగినా తెగకుండా ఉండే దారం మనిషి చేతికి చాలాకాలం అందలేదు.

నిజామియాలో అలాంటి పోగులను అడ్డగీతలుగా పెట్టి చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. ఆకాశమంతటినీ ఫొటో పలకల మీదికి ఎక్కించాలన్న అంతర్జాతీయ పథకం 1887లో పారిస్‌లో మొదలైంది. దక్షిణ ఆకాశంలో ఒక పట్టీ హైదరాబాద్ వాటాకు వచ్చింది. 8 అంగుళాల కెమెరా దూరదర్శిని పక్కనే దానికి జంటగా చూపు గొట్టం ఒకటి ఉంటుంది. పలక మీద వెలుగు పడుతున్నంతసేపూ పరిశీలకుడు ఒక నక్షత్రాన్ని అడ్డగీతల మీద నిలిపి ఉంచాలి. భూమి తిరుగుతుంది, గడియారపు యంత్రం కాస్త ముందో వెనకో నడుస్తుంది, చుక్క జారుతుంది, చేత్తో సర్ది మళ్లీ గీతల మీదికి తేవాలి. వేధశాల అధిపతులు పోకాక్, ఆయన తర్వాత టి. పి. భాస్కరన్, ఆ తర్వాత అక్బర్ అలీ కాలాల్లో ఈ పని సాగి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు లెక్కకట్టారు. సాగర్ రోడ్డు మీది పెద్ద దూరదర్శిని కోసం పూనుకున్నది కూడా అక్బర్ అలీయే. ఆయన 1960లో కన్నుమూశారు. ఆ పని తర్వాత వేధశాల అధిపతి అయిన కె. డి. అభ్యంకర్ చేతుల మీదుగా పూర్తయింది.

ఇక తుపాకి సంగతి. గొట్టం వెనక ఒక గాడి, కొసన ఒక ముక్క, దూరాన లక్ష్యం. ఈ మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. కన్ను ఒకసారికి ఒక్క దూరానికే సర్దుకోగలదు. కాబట్టి ఎప్పుడూ రెండు మసకే. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లకు గాడి దాదాపు కనబడదు. స్కోపు ఈ ఇబ్బందిని ఒక్క దెబ్బకు తీరుస్తుంది, ఎందుకంటే లక్ష్యం బొమ్మా అడ్డగీతా ఒకే తలంలో ఉంటాయి. 1840ల నాటికే అమెరికాలో తుపాకి గొట్టమంత పొడవున్న స్కోపులు బయలుదేరాయి. బొమ్మను నిటారుగా నిలపడానికి మధ్యలో అదనంగా కటకాలు వేశారు, అంతే. ఆకాశంలో నక్షత్రం తలకిందులైనా ఇబ్బంది లేదు, నేల మీద అలా కుదరదు.

గ్రబ్ వేరే దారి పట్టాడు. కన్ను పెట్టి చూసే గొట్టమే వద్దనుకున్నాడు. ఆయన అమరికలో ఒక చిన్న గురిగుర్తును కటకపు నాభి దగ్గర ఉంచి వెలుతురు పంపుతాడు. నాభి నుంచి బయల్దేరిన కిరణాలు కటకం దాటగానే సమాంతరం అవుతాయి. సమాంతర కిరణాలంటే కంటికి అనంత దూరం నుంచి, ఏ నక్షత్రం నుంచో వచ్చినట్టే. ఆ కిరణాలను వాలుగా పెట్టిన పలుచని గాజు మీద పడేసి కంటి వైపు తిప్పుతాడు. చూసేవాడికి గాజులోంచి ఎదుటి దృశ్యం యథాతథంగా కనిపిస్తుంది. ఆ దృశ్యం మీదే, దూరాన ఉన్నట్టుగా, గుర్తు నిలిచి ఉంటుంది. తల కాస్త పక్కకు జరిగినా గుర్తు లక్ష్యాన్ని వదలదు. రెండు కళ్లూ తెరిచే ఉంచుకోవచ్చు. వేధశాలలో దూరదర్శినులు సరిచూసుకోవడానికి కృత్రిమ నక్షత్రాన్ని సృష్టించే పద్ధతే ఇది. గ్రబ్‌కు అది రోజూ చేసే పని కాబట్టే తట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం చివరికి అది విమానాల మెషిన్‌గన్‌ల మీదికి చేరింది. ఇవాళ తేజస్ విమానం నడిపే పైలట్ ఎదుట గాజు మీద అంకెలు, గీతలు తేలుతుంటాయి. వాటిలోనూ ఇదే సూత్రం. 1975లో స్వీడన్‌లో ఎయిమ్‌పాయింట్ సంస్థ వెలుతురు గుర్తు స్థానంలో చిన్న ఎల్‌ఈడీ పెట్టింది. ఎర్రచుక్క గురి సాధనాలు మార్కెట్‌లోకి అలా వచ్చాయి.

షాట్‌గన్‌కు స్కోపు ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న. అది ఛర్రాలు చిమ్మే తుపాకి. ఎగిరే పిట్ట వెంట గొట్టాన్ని తిప్పుతూ పేలుస్తారు, కొసన ఒక ఇత్తడి పూస చాలు. అమెరికాలో అడవి టర్కీ కోడి వేట మాత్రం వేరు. వేటగాడు చెట్టుకు వీపు ఆనించి కూర్చుంటాడు, మోకాలి మీద తుపాకి, పెట్ట కూత అనుకరిస్తాడు. పుంజు ముప్పై నలభై గజాల దూరానికి నడిచి వస్తుంది. కొట్టాల్సింది తల, మెడ మాత్రమే. ఛర్రా చెదరకుండా గొట్టం మూతిని బాగా ఇరుకు చేస్తారు కాబట్టి దగ్గరలో అది అరచేతులంత మేరలోనే పడుతుంది. అంటే రైఫిలులా గురి పెట్టక తప్పదు. పైగా వంకరగా కూర్చున్న మనిషి చెంప తుపాకి మీద సరిగ్గా ఆనదు. తల జరిగినా గురి జరగని గ్రబ్ ఉపాయం అచ్చంగా ఇలాంటి చోటికే పనికొస్తుంది.

ఇక్కడే నమ్మకం ప్రశ్న వస్తుంది. నా మటుకు నేను ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందన్నది చివరి లెక్కగా పెడతాను. నలభై గజాలకు పెద్ద చేసి చూపాల్సిన పనే లేదు. మొదటి లెక్క, పెట్టిన గురి పెట్టిన చోటే ఉంటుందా అన్నది. టర్కీ వేటకు వాడే బరువైన 12 బోర్ తూటాలో 57 గ్రాముల ఛర్రా ఉండొచ్చు, సెకనుకు 360 మీటర్ల వేగంతో బయటికి పోతుంది. మూడున్నర కిలోల తుపాకిని ఏ ఆసరా లేకుండా వదిలేస్తే సెకనుకు ఆరేడు మీటర్ల వేగంతో వెనక్కి తంతుంది. తుపాకి వెనక్కి పోతుంటే స్కోపు ఉన్నచోటే ఉండాలనుకుంటుంది. ఆ లాగులాటంతా నాలుగు మరల మీద, లోపలి చిన్న స్ప్రింగు మీద పడుతుంది. అడ్డగీతలను పైకీ పక్కకూ జరిపే బిళ్లలు లోపలి గొట్టాన్ని ఒకవైపు నుంచి నెడితే, ఎదురుగా ఆ స్ప్రింగు ఒత్తి పట్టుకుంటుంది. స్ప్రింగు నీరసపడితే గురి ప్రతి పేలుడుకీ కొంచెం కొంచెం తప్పుతూ పోతుంది, పైకి చూస్తే అంతా బాగానే ఉంటుంది. ఫెకర్ దీనికి వాడిన పరిష్కారం నాకు చాలా ఇష్టం. ఆయన స్కోపుల్లో సర్దుబాటు మరలు గొట్టం బయట, బిగింపుల మీదే ఉండేవి. పేలినప్పుడు గొట్టం ఆ బిగింపుల్లో ముందుకు జారేది, తన్ను దాని లోపలికి దిగేది కాదు. గురికాడు ప్రతి దెబ్బకూ గొట్టాన్ని వెనక్కి లాక్కుని మళ్లీ చూసేవాడు.

రెండో లెక్క కంటి దూరం. కంటి కటకానికీ కంటికీ మధ్య మూడున్నర, నాలుగు అంగుళాల ఎడం లేకపోతే ఆ తన్నుకు కనుబొమ చీలుతుంది. మూడోది పారలాక్స్. బొమ్మ తలం, గీత తలం అణువంత తేడాగా ఉన్నా, కన్ను కదిపితే గీత లక్ష్యం మీద నుంచి జారుతుంది. రైఫిలు స్కోపులను సాధారణంగా వంద గజాలకు సరిచేస్తారు. షాట్‌గన్ కోసం చేసినవి అంతకంటే దగ్గరి దూరానికి. ఈ తేడా చూడకుండా కొన్నవాళ్లు తుపాకిని తిట్టుకుంటారు. పరీక్ష సులభం. ఖాళీ తుపాకిని కదలకుండా ఆనించి, గోడ మీది గుర్తు మీద గీత నిలిపి, ముట్టకుండా తల మాత్రం అటూ ఇటూ కదిపి చూడాలి.

ఈ పరీక్ష నందికొండలో ఎవరికీ కొత్త కాకూడదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన చోట 124 మీటర్ల ఎత్తున నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట లేచింది. ఏ ఆనకట్ట పనిలోనైనా థియోడొలైటు, లెవెల్ యంత్రం నిలబెట్టగానే ఇంజనీరు మొదట చేసేది పారలాక్స్ తీసేయడమే. ముందు కంటి కటకం తిప్పి అడ్డగీతలు నల్లగా, సూటిగా కనబడేలా చేయాలి. తర్వాత దూరాన పట్టుకున్న కొలబద్ద మీదికి చూపు సర్దాలి. తర్వాత కన్ను పైకీ కిందికీ కదిపి, అంకె మీద గీత కదలడం లేదని తేల్చుకోవాలి. ఆ వరస తప్పితే కొలత తప్పుతుంది.

మనకు అడవి టర్కీ కోళ్లు లేవు. నల్లమల అంచున ఉన్న నెమలిని గానీ, అడవి కోడిని గానీ వేటాడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అలా ఉండటమే సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. సాగర్ వెనక జలాల నుంచి శ్రీశైలం దాకా పరచుకున్న అడవి 1983లో పులుల అభయారణ్యం అయింది, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పేరుతో నడుస్తోంది. స్కోపు చేసే పని మాత్రం మన దగ్గరా ఆగలేదు. మచిలీపట్నంలో 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసి, ఇవాళ సైన్యానికి రాత్రి చూపు సాధనాలు చేస్తోంది. జాపాల-రంగాపూర్‌లోని ఫెకర్ దూరదర్శిని మాత్రం జంట నక్షత్రాల వెలుగును కొలిచి, 1980 ఫిబ్రవరి 16న మహబూబ్‌నగర్, నల్గొండల మీదుగా సాగిన సంపూర్ణ సూర్యగ్రహణానికి దేశవిదేశాల శాస్త్రవేత్తలను ఆ గుట్టకు రప్పించి, ఏళ్లుగా ఆదరణ లేక పడి ఉంది. దాన్ని బాగుచేసి పిల్లలకు చూపించడం అసాధ్యమేమీ కాదు. ఆ పని చేయాలి.

అడవిలో తుపాకి మీద స్కోపు అవసరపడే న్యాయమైన సందర్భం ఒకటుంది. ఊళ్లోకి వచ్చిన చిరుతకు మత్తు సూది వేయాల్సినప్పుడు. ఆ తుపాకి గ్యాసు ఒత్తిడితో పనిచేస్తుంది. సూది తూటా కంటే ఎన్నో రెట్లు నెమ్మదిగా, వంపు తిరిగి పోతుంది. పది మీటర్లకు సరిచేసిన గురి ముప్పై మీటర్లకు పనికిరాదు. తొడ కండలో దిగాల్సింది కాస్త ముందుకు పోతే పొట్టలో దిగుతుంది, ఒత్తిడి ఎక్కువైతే ఎముక విరుగుతుంది. అందుకే పశువైద్యుడు జంతువు దగ్గరికి వెళ్లకముందే, ఖాళీ సూదితో, గడ్డి మూట మీద, ఏ దూరానికి ఎంత ఒత్తిడి పెడితే గుర్తు మీద పడుతుందో ఒక్కో దూరానికీ కొట్టి చూసి రాసుకుంటాడు.