ఆపిన చోటు

విజయనగరంలో 1919లో విజయరామ గాన పాఠశాల మొదలైనప్పుడు దానికి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. 1864లో బొబ్బిలి దగ్గరి అజ్జాడలో పుట్టిన ఆయన్ని మనం హరికథా పితామహుడిగా తలుచుకుంటాం. ఆయన అవధానాల సంగతి అంతగా చెప్పుకోం. రెండు చేతులతో రెండు తాళాలు, రెండు కాళ్లతో ఇంకో రెండు తాళాలు వేస్తూ, పల్లవి పాడుతూ, మధ్యమధ్య సభ అడిగినవాటికి సమాధానం చెప్పేవారట. ఒక్క మనిషి, ఒక్క బుర్ర. ఇన్ని పనులు ఒకేసారి ఎలా సాగాయి?

ఈ ప్రశ్నకు మనోవిజ్ఞానులు తేల్చిన విషయాలతో జవాబు వెతికితే, మన ఇంటి పనులకూ ఆఫీసు పనులకూ పనికొచ్చే సంగతులు చాలా దొరుకుతాయి. పని చక్కబెట్టుకోవడం గురించి వచ్చే పుస్తకాలు పొద్దున్నే ఎన్నింటికి లేవాలో చెబుతాయి. నా దృష్టిలో అసలు కిటుకు పని ఆపడంలో ఉంది, ఆపిన చోటు గుర్తుండేలా ఆపడంలో ఉంది. ఆ విద్యలో అవధానులను మించిన గురువులు లేరు.

ముందు మెదడు సంగతి. దృష్టి పెట్టి చెయ్యాల్సిన పనులు రెండు కలిసొస్తే మెదడు వాటిని వరసలో నిలబెడుతుంది. ఒకదానిలో నిర్ణయం అయ్యేదాకా రెండోది ఆగాల్సిందే. నడుస్తూ కబుర్లు చెప్పుకోగలం, ఎందుకంటే నడకలో నిర్ణయాలు తక్కువ. కిరాణా పద్దు కూడుతూ పిల్లవాడి లెక్క సరిదిద్దబోతే మాత్రం రెండూ తప్పుతాయి. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో జేసన్ వాట్సన్, డేవిడ్ స్ట్రేయర్ 200 మందిని కారు నడిపే సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టారు. నడుపుతూనే ఫోనులో వినపడే మాటలు గుర్తుపెట్టుకోవాలి, చిన్నచిన్న లెక్కలు తప్పో ఒప్పో చెప్పాలి. ఏ పనీ చెడకుండా రెండూ చెయ్యగలిగినవాళ్లు నూటికి రెండున్నర మంది, అంటే మొత్తం మీద ఐదుగురు. 2010లో అచ్చయిన ఫలితం ఇది. మిగిలిన 195 మందిలో మనం ఉన్నామనుకోవడమే క్షేమం.

మరి దాసుగారి తాళాలు? ఒక చేత్తో మూడు దెబ్బలు వేసే వ్యవధిలోనే రెండో చేత్తో నాలుగు వెయ్యాలని చూడండి. కాసేపటికే ఒక చెయ్యి రెండో చేతిని తనవైపు లాగేస్తుంది. సాధన చేసినవాళ్లు రెండు లెక్కలు విడివిడిగా పెట్టుకోరని, రెండింటినీ కలిపి ఒకే పొడుగాటి నడకగా నేర్చుకుంటారని చేతుల కదలికల మీద పరిశోధించినవాళ్లు గమనించారు. మూడుకీ నాలుగుకీ కుదిరే లెక్క పన్నెండు. ఆ పన్నెండు మాత్రల్లో ఎక్కడ కుడిచెయ్యి, ఎక్కడ ఎడమచెయ్యి, ఎక్కడ రెండూ అన్నది ఒక్క పాఠంగా ఒంటబడితే చేతుల మీద ధ్యాస పెట్టక్కర్లేదు. ధ్యాసంతా పల్లవికి మిగులుతుంది. బయటికి నాలుగైదు పనులుగా కనపడేది లోపల ఒకటో రెండో పనులుగా మారిపోయిందన్నమాట. దాని వెనక ఏళ్ల తరబడి సాధన ఉంటుంది.

సాహిత్య అష్టావధానంలో ఈ వ్యవహారం ఇంకా తేటగా కనిపిస్తుంది. అవధాని చుట్టూ ప్రశ్నలడిగే ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు నాలుగు పదాలిచ్చి వాటిని ఇమిడ్చి పద్యం చెప్పమంటారు. ఒకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు, ఒకరు వర్ణన అడుగుతారు. ఎక్కడో గంట మోగుతుంటే ఎన్నిసార్లు మోగిందో లెక్క తప్పకూడదు. వీళ్లందరి మధ్యా అప్రస్తుత ప్రసంగి. సంబంధం లేని మాటలు తెచ్చి అవధానిని దారి మళ్లించడమే ఆయన పని. కొత్తగా చూసేవాళ్లకు ఇదంతా గందరగోళం. కాస్త కనిపెట్టి చూస్తే ఎంత కట్టుదిట్టమైన వరసో తెలుస్తుంది. అవధాని ఒక పృచ్ఛకుడికి మామూలుగా పద్యంలో ఒక్క పాదమే చెప్పి పక్కవారి దగ్గరికి వెళతాడు. అక్కడా ఒక్క పాదమే. ఆవృత్తి పూర్తయ్యాక మళ్లీ మొదటివారికి రెండో పాదం. అలా నాలుగు ఆవృత్తుల్లో పద్యాలు పూర్తవుతాయి. చివర ధారణ: అన్ని పద్యాలూ మొదటినుంచి గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాలి. ఎనిమిది పనులు నడుస్తున్న మాట నిజమే, కానీ ఏ క్షణం చూసినా అవధాని ముందున్నది ఒక్క పాదం.

జ్ఞాపకం సంగతి ఇంకా ఆసక్తికరం. మనసు అప్పటికప్పుడు పట్టుకోగలిగే విషయాలు ఏడు, రెండు అటో ఇటో అని 1956లో జార్జ్ మిల్లర్ అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ ఆ సంఖ్యను నాలుగు దాకా దించాడు. ఎనిమిదిమంది అడిగినవి ఆ నాలుగింట్లో ఎలా పట్టాయి? పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అండర్స్ ఎరిక్సన్, విలియం చేజ్ ఒక సాధారణ విద్యార్థికి అంకెలు వినిపించి వరసగా తిరిగి చెప్పమన్నారు. మొదట్లో అతను చెప్పగలిగినవి ఏడే. ఏడాదిన్నరకు పైగా, మొత్తం 230 గంటలకు మించి సాధన చేశాక 79 అంకెలు చెప్పాడు. 1980లో ఈ సంగతి ప్రచురించారు. ఆ కుర్రవాడికి దూరపు పరుగులంటే ప్రాణం. వినపడ్డ అంకెలను పరుగుపందేల సమయాలుగా మార్చి గుత్తులు కట్టుకున్నాడు, ఆ గుత్తులను మళ్లీ పెద్ద గుత్తుల్లో పెట్టుకున్నాడు. అంకెల బదులు అక్షరాలు వినిపించి చూశారు. మళ్లీ ఆరు దగ్గరికి పడిపోయాడు. ఏడాదిన్నరలో అతని జ్ఞాపకం పెరగలేదు. అంకెలకు మాత్రం ఒక సర్దుబాటు కుదిరింది.

తెలుగు అవధానికి ఆ సర్దుబాటు ఛందస్సులో సిద్ధంగా ఉంది. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. మొదటి పాదంలో రెండో అక్షరంగా ఏ హల్లు వస్తే మిగతా మూడు పాదాల్లోనూ అదే ప్రాస. అందరినీ చుట్టి తిరిగొచ్చిన అవధాని వెతుక్కోవాల్సిన మాట ఆ గణంలో ఇమడాలి, ఆ ప్రాసకు కుదరాలి, ఆ అర్థం ఇవ్వాలి. అలాంటి మాటలు భాష మొత్తంలో కొద్దే ఉంటాయి. అర్థం ఒక్కటే ఆధారంగా ఇచ్చినా, శబ్దం ఒక్కటే ఇచ్చినా తట్టని మాట, రెండూ కలిపి ఇస్తే చటుక్కున తడుతుందని మౌఖిక సంప్రదాయాలను పరిశీలించిన డేవిడ్ రూబిన్ చూపించాడు. యతిప్రాసలు కవికి సంకెళ్లని చాలామంది అన్నారు. అవధానికి మాత్రం తిరిగి వచ్చే దారి చూపేవి అవే.

ఇప్పుడు మన రోజులోకి వద్దాం. బొబ్బిలిలో ఉంటూ రోజూ పార్వతీపురం వెళ్లి పాఠం చెప్పే ఒక టీచరమ్మను ఊహించుకోండి. సాయంత్రం పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చుంది. గ్యాస్ బండి వచ్చిందని కేక. అది చూసుకుని వస్తుంటే అత్తగారి బీపీ మాత్రలు అయిపోయాయన్న మాట. ఈలోగా స్కూలు వాట్సాప్ గ్రూపులో ఏవో వివరాలు వెంటనే కావాలన్నారు. తిరిగి పేపర్ల దగ్గర కూర్చునేసరికి ఏ ప్రశ్న దాకా దిద్దిందో, మార్కులు కూడిందో లేదో తెలీదు. కూడినదే మళ్లీ కూడుతుంది. ఒక పనిని సగంలో వదిలి ఇంకోదానికి మళ్లినప్పుడు దృష్టిలో కొంత వెనకటి పని దగ్గరే ఉండిపోతుందని, అందువల్ల రెండోదీ దెబ్బతింటుందని సోఫీ లెరాయ్ 2009లో రాసింది. 2018లో ఆమె, థెరిసా గ్లోంబ్ కలిసి దీనికి మందు కూడా చూపించారు. లేచే ముందు క్షణం ఆగి, ఎక్కడ ఆపాను, తిరిగొచ్చాక మొదట ఏం చెయ్యాలి అని రెండు ముక్కలు రాసుకున్నవాళ్లకు ఆ ఇబ్బంది తగ్గింది. టీచరమ్మ పేపరు మూల పెన్సిలుతో ‘మూడో ప్రశ్న దాకా’ అని రాసి లేస్తే చాలు. అవధానికి ప్రాస చేసే సాయం ఆమెకు ఆ పెన్సిలు గీత చేస్తుంది. ఏళ్ల సాధన లేని మనకు కాగితమే ధారణ.

అంతరాయాలతో ఇంకో చిక్కుంది. గ్లోరియా మార్క్ బృందం 2008లో ప్రకటించిన ప్రయోగంలో, మధ్యమధ్య అంతరాయం ఎదురైనవాళ్లు పని ఆలస్యం చెయ్యలేదు, పైగా త్వరగా ముగించారు. దానికి మూల్యంగా ఒత్తిడీ చిరాకూ పెరిగాయి. ‘పని అయిపోయిందిగా, ఇంకేం?’ అని ఇంట్లోవాళ్లు అనుకునేది ఇందుకే. పనికి పట్టిన గంటలు కనపడతాయి, మనిషి మీద పడ్డ భారం కనపడదు. ఫోను మన ఇంటి అప్రస్తుత ప్రసంగి. సభలో ఆయన ఒక్కరే ఉంటారు, అవధాని చమత్కారంగా ఓ మాట చెప్పి మళ్లీ పద్యంలో పడతాడు. ఫోనులో ఎంతమంది ఉంటారో లెక్కలేదు కాబట్టి, మన చేతిలో పని ఒక పాదం పూర్తయ్యేదాకా దాన్ని పక్కగదిలో పెట్టడం మంచిది.

రాత్రి పడుకున్నాక చెయ్యని పనులు తలలో తిరగడం అందరికీ ఉన్న బాధే. పూర్తయిన పనులకన్నా సగంలో ఆగినవే బాగా గుర్తుంటాయని 1927లో బ్లూమా జైగార్నిక్ రాసింది. ఆ తర్వాతి ప్రయోగాల్లో అది ప్రతిసారీ అలాగే తేలలేదు కానీ, ఆగిన పని మనసుని వెనక్కి లాగుతుందన్న మాట నిలిచింది. 2011లో మసికాంపో, బామైస్టర్ చూపించిన సంగతి మనకు ముఖ్యం. ఆ లాగుడు పోవాలంటే పని పూర్తి చెయ్యక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో నిర్దిష్టంగా అనుకుంటే చాలు. 2018లో అచ్చయిన ప్రయోగంలో మైఖేల్ స్కలిన్ బృందం 57 మంది యువతీ యువకులను నిద్రకు ముందు ఐదు నిమిషాలు రాయమంది. రేపటి పనుల చిట్టా రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకన్నా సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టింది.

ఎప్పుడు, ఎలా అన్న మాటకు మన పల్లెల్లో కార్తెలున్నాయి. ఏడాదికి 27, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర. ‘జూన్‌లో ఎప్పుడో చూద్దాం’ అని శ్రీకాకుళం రైతు అనడు. ఈ కార్తెలో ఇంత పదును తగిలితే నారు పొయ్యాలి, చెరువులోకి నీళ్లొస్తే ఉభాలు (నాట్లు) మొదలెట్టాలి అని ముడి వేసి పెట్టుకుంటాడు. ‘ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను’ అన్న సంకల్పం, ఉత్త ‘చేస్తాను’ కన్నా ఎంతో గట్టిదని జర్మన్ మనోవిజ్ఞాని పీటర్ గోల్విట్జర్ చెబుతూ వచ్చాడు. పాస్కల్ షీరన్‌తో కలిసి 2006లో 94 పరీక్షల ఫలితాలను కూడి చూసినా అదే తేలింది. గ్రూప్స్‌కి చదివే పిల్లలు ‘రోజూ నాలుగు గంటలు చదువుతాను’ అని గోడమీద రాసేకన్నా, ‘రాత్రి కంచం కడగ్గానే పాలిటీ పుస్తకం తీస్తాను’ అనుకుంటే ఎక్కువ చదువుతారు.

చిట్టా రాసుకుంటే అందరి బతుకులూ సర్దుకుంటాయని మాత్రం నేననను. 2013లో అచ్చయిన పరిశోధనలో ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్దార్ షఫీర్, జియాయింగ్ జావో తమిళనాడులో 464 మంది చెరకు రైతులను కోతకు ముందు, తర్వాత పరీక్షించారు. చేతిలో డబ్బాడని కోతముందు రోజుల్లో అవే మనుషులు ఆలోచనా పరీక్షల్లో వెనకబడ్డారు. డబ్బొచ్చాక మెరుగయ్యారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లను పడగొట్టినప్పుడు ఎన్ని ఇళ్లలో ఎన్ని బుర్రలు ఇలా అప్పుల లెక్కలతో నిండిపోయి ఉంటాయో ఊహించండి. అలాంటి మనిషి ఏ దరఖాస్తు గడువో మరిచిపోతే బద్ధకస్తుడనడం అన్యాయం. దరఖాస్తులు చిన్నవి చెయ్యడం, గడువుకు ముందు ఒకసారి గుర్తుచెయ్యడం ఆఫీసులు చెయ్యాల్సిన పని.

ఇంట్లోనూ ఇదే న్యాయం. మనదేశంలో 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటి పనుల్లో పాల్గొన్న ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. అసలు ఆ పనుల్లో పాల్గొన్నదే ఆడవాళ్లలో నూటికి 81 మంది, మగవాళ్లలో 26 మంది. గ్యాస్ ఎప్పుడు అయిపోతుంది, ఫీజు గడువు ఎప్పుడు, ఎవరి మాత్రలు ఎన్ని మిగిలాయి అని మనసులో పెట్టుకు తిరగడం ఈ నిమిషాల్లోకి రాదు. ఆ ధారణంతా చాలా ఇళ్లలో ఒక్కరిదే.

ఇది చదువుతున్న మగవాళ్లకు ఒక మనవి. ‘ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను’ అంటే ఆమెకు ఇంకో పృచ్ఛకుడు పెరిగినట్టే. పెద్దవాళ్ల మందులు, పిల్లల ఫీజులు, గ్యాస్, కరెంటు బిల్లు, వీటిలో ఏ రెండైనా, గుర్తుపెట్టుకోవడంతో సహా, ఈ రాత్రే కాగితం తీసి మీ పేర రాసుకోండి.