ఎర్ర నాచు మాత్రలో ఉన్నదేమిటి?

‘సముద్రపు ఎర్ర నాచు నుంచి తీసిన సహజ కాల్షియం’ అనే మాత్రల ప్రకటనలు ఇప్పుడు ఫోన్లలో తరచూ కనిపిస్తున్నాయి. పిల్లలకు కొనాలా అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతున్నారు. మా పావగడ తాలూకాలో ఇది తేలిగ్గా తీసుకునే ప్రశ్న కాదు. ఇక్కడి బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అది పిల్లల పళ్లనూ ఎముకలనూ దెబ్బతీస్తుంది.

ఈ మాత్రలకు ఎక్కువగా వాడేది లిథోథామ్నియన్ అనే ఎర్ర నాచు. ఐస్‌లాండ్, ఐర్లాండ్ తీరాల్లో దొరుకుతుంది. సముద్రపు నీటిలోని కాల్షియాన్ని తీసుకుని తన కణాల గోడల్లో కాల్షియం కార్బొనేట్‌గా పేర్చుకుంటుంది. అందుకే రాయిలా గట్టిగా ఉంటుంది. దాని పొడి 100 గ్రాముల్లో కాల్షియం సుమారు 30 గ్రాములు, మెగ్నీషియం 2 నుంచి 3 గ్రాములు ఉంటాయి. మిగతా ఖనిజాలు చాలా కొద్దిగా ఉంటాయి. సున్నపురాయిలో, నత్తగుల్లలో, కోడిగుడ్డు పెంకులో ప్రధానంగా ఉండేదీ ఈ కాల్షియం కార్బొనేటే. ఉపాధ్యాయులు గుడ్డు పెంకు మీద నిమ్మరసం పిండి, పొంగే బుడగలను పిల్లలకు చూపవచ్చు.

భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం 7–9 ఏళ్ల బిడ్డకు రోజుకు 650 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగిపిండిలో దాదాపు 350, 150 మిల్లీలీటర్ల పాలలో సుమారు 180, రెండు చెంచాల నువ్వులపొడిలో 120 దాకా ఉంటాయి. కూడితే 650! సంగటి, పాలు, నువ్వులపొడితోనే లెక్క సరిపోయింది. రాగులను మొలకెత్తించి పిండి పట్టిస్తే అందులోని కాల్షియం ఒంటికి ఇంకా బాగా పడుతుంది.

ఆహారంలోని కాల్షియం కడుపులో ఫ్లోరైడ్‌ను కొంత పట్టి ఉంచి, ఒంట్లోకి చేరేది తగ్గిస్తుంది. అయితే నీళ్లు మార్చకుండా ఏం తిన్నా చాలదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ప్రమాదకరం. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట గుర్తించింది నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై మిగిలిన దానిలో మరింత చిక్కబడుతుంది. అందుకే శుద్ధ నీటి ప్లాంటు నీళ్లను తాగడానికే కాదు, సంగటి వండటానికీ వాడండి.

పళ్ల మీద సుద్దలాంటి తెల్లని మచ్చలు, గోధుమరంగు చారలు కనిపిస్తే డాక్టరుకు చూపించండి. మాత్రలు అవసరమో కాదో ఆయనే చెబుతారు. ఎర్ర నాచు మాత్ర సీసాకు పెట్టే డబ్బు ముందు పాలకూ మంచినీళ్లకూ పెడదాం.