దీర్ఘాయువు జాతికి రక్షణ కాగలదా? గ్రీన్‌లాండ్ సొరచేప, గ్రేట్ టిట్ పక్షి: తులనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

దీర్ఘాయువును మనం వరంగా భావిస్తాం. ‘శతాయుష్మాన్ భవ’ అనే దీవెనలో ఆ భావనే ఉంది. ఒక ప్రాణికి వరమైన దీర్ఘాయువు దాని జాతి మనుగడకూ వరమేనా? ఉత్తర అట్లాంటిక్, ఆర్కిటిక్ సముద్రాల లోతుల్లో సంచరించే గ్రీన్‌లాండ్ సొరచేపను, ఐరోపా అడవుల్లో కూసే సుమారు 18 గ్రాముల గ్రేట్ టిట్ పక్షిని పోల్చి ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. శతాబ్దాల జీవి

అనేక సొర జాతుల వయస్సును వెన్నుపూసల్లోని వలయాలను బట్టి లెక్కిస్తారు. గ్రీన్‌లాండ్ సొరకు ఆ పద్ధతి పనికిరాదు. దాని వెన్నుపూసలు మెత్తనివి. అందువల్ల కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జూలియస్ నీల్సన్ బృందం కంటి కటకాన్ని ఆధారం చేసుకుంది. కటక కేంద్రంలోని ప్రోటీన్లు పుట్టుకకు ముందే ఏర్పడి, జీవితాంతం మారకుండా ఉంటాయి. వాటిలోని రేడియోకార్బన్‌ను కొలిచి 28 ఆడ సొరల వయస్సును అంచనా వేశారు. 2016లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఈ పరిశోధన ప్రకారం వాటిలో అతిపెద్ద సొర వయస్సు సుమారు 392 సంవత్సరాలు. ఈ అంచనాలో 120 ఏళ్ల వరకు హెచ్చుతగ్గులు ఉండవచ్చు. ఆడ సొర సంతానోత్పత్తి దశకు చేరడానికి సుమారు 150 ఏళ్లు పడుతుంది.

2. అల్పాయువు, అధిక సంతానం

ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని వైథమ్ అడవిలో గ్రేట్ టిట్ పక్షులపై 1947లో డేవిడ్ లాక్ ప్రారంభించిన అధ్యయనం నేటికీ కొనసాగుతోంది. ఈ పక్షి ఏడాది వయస్సుకే గూడు కట్టి, సాధారణంగా ఎనిమిది, తొమ్మిది గుడ్లు పెడుతుంది. పిల్లల్లో అధికభాగం తొలి ఏడాదిలోనే మరణిస్తాయి. వసంతం త్వరగా వస్తే, పిల్లలకు ఆహారమైన గొంగళిపురుగులూ ముందే వస్తాయి. 1961–2007 మధ్య ఈ పక్షులు గుడ్లు పెట్టే కాలం సుమారు రెండు వారాలు ముందుకు జరిగిందనీ, ఒక్కో పక్షి ఆ ఏటి వాతావరణానికి తగినట్లు సర్దుకోవడమే ఇందుకు ప్రధాన కారణమనీ 2008లో ప్రచురితమైన పరిశోధన నిరూపించింది.

3. నష్టం పూడే కాలం

కఠినమైన చలికాలంలో అనేక పక్షులు మరణించినా, కొన్నేళ్లలో ఆ లోటు పూడగలదు. వలలో చిక్కి మరణించిన ఒక పెద్ద ఆడ సొర స్థానం నిండాలంటే, నేడు పుట్టిన పిల్ల మరో శతాబ్దంన్నర బతికి ఉండాలి. గతంలో కాలేయ నూనె కోసం ఈ సొరలను విస్తారంగా వేటాడారు. ఇప్పుడు ఇతర చేపల కోసం వేసిన వలల్లో ఇవి చిక్కుతున్నాయి.

రెండు జాతులపై మన జ్ఞానం కూడా సమానం కాదు. ఒక పరిశోధకుడు తన ఉద్యోగ జీవితంలోనే పక్షి తరాలు అనేకం చూడగలడు. ఒక సొర బాల్యం నుంచి యౌవనం వరకు గమనించడానికి పరిశోధకుల తరాలే అనేకం కావాలి.

ముగింపు

జాతి భద్రతను దేహ పరిమాణంతోనో ఆయుర్దాయంతోనో కొలవలేం. పోయిన ప్రాణి స్థానం ఎంతకాలానికి నిండుతుందన్నదే ముఖ్యమైన కొలమానం. ఆ కొలమానంతో చూస్తే, ఈ రెండింటిలో బలహీనమైనది చిన్న పక్షి కాదు, శతాబ్దాలు జీవించే సొరచేపే. దాని సంఖ్య తగ్గిందని గుర్తించాక రక్షణ చర్యలు మొదలుపెడితే, ఫలితం చూడవలసిన తరం మనది కాబోదు.