నాణేన్ని తోమొద్దు, ఫొటో తీయండి

తొలకరి వాన పడింది. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తలలు వంచుకొని నడుస్తున్నారు. వాళ్లు వెతికేది వజ్రాల కోసం. వానకు పైమట్టి కొట్టుకుపోతుంది. లోపలి రాళ్లు పైకి తేలతాయి. అందుకే ఏటా వానకాలంలో పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు.

మట్టిలో ఉండేవి రాళ్లు మాత్రమే కాదు. పాత నాణేలు కూడా ఉంటాయి. గుంటక తోలేటప్పుడు, బావి తవ్వేటప్పుడు, పాత గోడ పడగొట్టేటప్పుడు అవి బయట పడతాయి.

ఒక ఇంటి సంగతి అనుకుందాం. ఆ ఇంటి అత్త కలుపు తీస్తుంటే నాలుగు నాణేలు దొరికాయి. కొంగున కట్టుకొని ఇంటికి తెచ్చింది. వాటికి మట్టి పట్టి ఉంది.

"చింతపండు ఏసి తోమితే తళతళలాడతాయి" అంది అత్త.

"వద్దత్తా! తోమితే రాత పోతాది. ముందు ఫొటో తీద్దాం" అన్నాడు అల్లుడు.

"ఈ నల్ల బిళ్లకు ఫొటో ఏంది నాయనా?" అని అత్త నవ్వింది.

అల్లుడు చెప్పిందే సరైన మాట. ఎందుకో తెలుసుకుందాం.

నాణెం మీద ఏముంటుంది?

నాణెం చిన్న పుస్తకం లాంటిది. దాని మీద బొమ్మ ఉంటుంది. అక్షరాలు ఉంటాయి. వాటిని బట్టి ఏ రాజు కాలంలో ఆ నాణెం చేశారో తెలుస్తుంది.

రాయలసీమను చాలామంది రాజులు ఏలారు. సుమారు రెండు వేల ఏళ్ల కిందట శాతవాహనులు సీసంతో కూడా నాణేలు చేయించారు. శ్రీశైలం ప్రాజెక్టు కట్టేటప్పుడు, మునిగిపోయే ఊళ్లలో తవ్వకాలు జరిపారు. అప్పుడు కర్నూలు జిల్లా వీరాపురంలో శాతవాహనుల నాణేలు దొరికాయి. 1930లలో నంద్యాలలో రోము దేశపు బంగారు నాణేలు దొరికాయి. అంత దూరం నుంచి ఇక్కడికి వ్యాపారం జరిగిందని ఆ నాణేలే చెప్పాయి.

విజయనగర రాజుల బంగారు నాణేన్ని వరహా అంటారు. దాని బరువు సుమారు మూడున్నర గ్రాములు. కృష్ణదేవరాయల వరహా మీద బాలకృష్ణుడి బొమ్మ ఉంటుంది. తర్వాత కడప సీమ కొన్నాళ్లు హైదరాలీ, టిప్పు సుల్తాను ఏలుబడిలో ఉంది. టిప్పు రాగి నాణేల మీద ఏనుగు ఉంటుంది. 1800లో ఈ సీమ ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయింది.

ఈ కథ అంతా వేలి గోరంత బొమ్మలో ఉంటుంది. దాన్ని రుద్దితే కథ చెరిగిపోతుంది.

ఎందుకు తోమకూడదు?

చింతపండులో పులుపు ఉంటుంది. అది లోహాన్ని తింటుంది. బూడిద, ఇసుక గీతలు పెడతాయి. సీసం చాలా మెత్తన. గోరు గీసినా గీత పడుతుంది. పైగా సీసం విషం. సీసపు నాణేన్ని ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి. పిల్లలకు ఇవ్వకూడదు.

వదులుగా ఉన్న దుమ్మును నోటితో ఊదకండి. మెత్తటి కుంచెతో మెల్లగా దులపండి. అంతకు మించి ఏమీ చేయవద్దు.

దగ్గరి ఫొటో ఎందుకు అలుక్కుపోతుంది?

పుస్తకాన్ని కంటికి ఆనించి చూడండి. అక్షరం కనబడదు. జానెడు దూరం పెట్టండి. కనబడుతుంది. కెమెరా కన్ను కూడా అంతే. మరీ దగ్గరికి పోతే దానికి చూపు ఆనదు.

ఇంకో సంగతి ఉంది. దగ్గరి నుంచి తీసినప్పుడు కొద్ది మందం మాత్రమే స్పష్టంగా వస్తుంది. నాణెం ఒక పక్కకు వాలి ఉంటే ఒక అంచు బాగా వస్తుంది. రెండో అంచు మసకగా వస్తుంది. చేయి వెంట్రుకవాసి కదిలినా బొమ్మ చెదురుతుంది.

కాబట్టి మూడు పనులు చేయాలి. కెమెరా కదలకూడదు. నాణేనికి సూటిగా ఉండాలి. సరైన దూరంలో ఉండాలి.

ఫొటో తీసే పద్ధతి

1. కెమెరా అద్దాన్ని మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. ఫోను జేబులో ఉంటుంది కాబట్టి దాని అద్దానికి చెమట, నూనె అంటుకొని ఉంటాయి.

2. నాణేన్ని గీతలు, పూలు లేని గుడ్డ మీద పెట్టండి. నల్ల నాణేనికి తెల్ల గుడ్డ మంచిది.

3. రెండు పక్కలా సమానంగా ఇటుకలు పేర్చండి. వాటి మీద ఫోను అడ్డంగా పెట్టండి. దాని కన్ను ఇటుకల నడుమ కిందికి చూస్తూ ఉండాలి. కెమెరాకు మూడు కాళ్ల స్టాండు ఉంటే ఇంకా మంచిది.

4. సూటిగా ఉందో లేదో చూడడానికి ఒక ఉపాయం ఉంది. నాణెం పెట్టే చోట చిన్న చేతి అద్దం పెట్టండి. తెర మీద కెమెరా కన్ను సరిగ్గా నడిమిన కనబడితే సూటిగా ఉన్నట్టే. తర్వాత అద్దం తీసి నాణెం పెట్టండి.

5. డిజిటల్ కెమెరా మీద పువ్వు గుర్తు ఉంటుంది. దాన్ని మాక్రో అంటారు. అది దగ్గరి వస్తువుల కోసం. ఫోను అయితే సుమారు జానెడు దూరంలో పెట్టి, రెండు రెట్లు పెద్దది చేసి చూడండి. మరీ దగ్గరికి జరపవద్దు.

6. తెర మీద నాణెం అక్షరాల దగ్గర వేలితో తాకండి. కెమెరా చూపు అక్కడ నిలుస్తుంది.

7. రెండు సెకన్ల టైమరు పెట్టి మీట నొక్కండి. చేయి తీసేయండి. కెమెరా తనంత తానే ఫొటో తీసుకుంటుంది. నొక్కినప్పటి కదలిక ఫొటోలోకి రాదు.

8. తీసిన ఫొటోను పెద్దది చేసి చూడండి. అక్షరం అంచు తెగినట్టు కనబడాలి. మసకగా ఉంటే మళ్లీ తీయండి.

బొమ్మ వైపు ఒకటి, బొరుసు వైపు ఒకటి తప్పక తీయాలి. పక్కన స్కూలు పిల్లల స్కేలు పెట్టి ఇంకొకటి తీయాలి. అప్పుడు నాణెం ఎంత పెద్దదో తెలుస్తుంది. స్కేలు లేకపోతే పది రూపాయల బిళ్ల పెట్టండి. దాని అడ్డం కొలత 27 మిల్లీమీటర్లు. నాణెం దొరికిన చోటు ఫొటో కూడా తీయండి.

వెలుతురు పక్క నుంచి రావాలి

తుగ్గలి మండలంలోనే ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోక చక్రవర్తి చెక్కించిన శాసనాలు ఉన్నాయి. అవి 2,200 ఏళ్లకు పైగా పాతవి. బండ మీది రాత నడినెత్తి ఎండలో సరిగా కనబడదు. ఏటవాలు ఎండలో ప్రతి గీతకూ నీడ పడుతుంది. అక్షరం లేచి నిలబడుతుంది.

నాణేనికీ అదే సూత్రం. కెమెరా ఫ్లాష్ వేయవద్దు. అది ఎదురుగా కొట్టి నీడలను చంపేస్తుంది. బంగారం, వెండి అయితే తెల్లగా మెరిసి ఏమీ కనబడదు. పొద్దున పూట వసారాలో, కిటికీ పక్కన పెట్టండి. ఎండ నేరుగా పడకూడదు. వెలుతురు ఒక పక్క నుంచి రావాలి. రెండో పక్క తెల్ల కాగితం నిలబెట్టండి. అది కొంత వెలుతురును తిరిగి పంపుతుంది. అరిగిన అక్షరాలు తెలియకపోతే నాణేన్ని కొంచెం తిప్పి ఇంకో ఫొటో తీయండి. ఒక దాంట్లో దాగింది ఇంకో దాంట్లో కనబడుతుంది.

ఫొటో తర్వాత ఏం చేయాలి?

ఇలాంటి మాట ఊళ్లో దాగదు. సాయంత్రానికే ఒకాయన వస్తాడు. "అక్కా, ఎవరికీ చెప్పొద్దు. బిళ్లకు ఐదు వేలిస్తా" అంటాడు. ఇస్తే నాణెం పోతుంది. బంగారమైతే కరిగిస్తారు. కరిగించాక బరువు మిగులుతుంది, రాత మిగలదు.

భూమిలో దొరికిన నిధుల గురించి 1878లో ఒక చట్టం వచ్చింది. పది రూపాయలకు మించిన విలువ ఉన్నది ఏది దొరికినా కలెక్టరుకు రాసి తెలపాలి. ఏం దొరికింది, ఎంత దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అని రాయాలి. దొరికినదాన్ని ప్రభుత్వ ఖజానాలో అప్పగించాలి. లేదా అడిగినప్పుడు తెచ్చి ఇస్తామని హామీ ఇవ్వాలి.

కలెక్టరు విచారణ చేస్తారు. దానికి సొంతదారు ఎవరూ లేరని తేలితే, దొరికినవాళ్లకు హక్కు ఉంటుంది. చేను వేరేవాళ్లదైతే, వాళ్లతో ఒప్పందమేదీ లేకపోతే, దొరికినవాళ్లకు నాలుగింట మూడు వంతులు, చేను సొంతదారుకు ఒక వంతు. ప్రభుత్వమే తీసుకోవాలనుకుంటే లోహం విలువ కట్టి, దాని మీద ఐదో వంతు కలిపి ఇస్తుంది.

చెప్పకుండా దాచితే ఆ వాటా పోతుంది. ఏడాది దాకా జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కూలికి పోయినవాళ్లకు దొరికినా హక్కు ఉందని చాలామందికి తెలియదు.

ఇక్కడే ఫొటో పనికి వస్తుంది. అప్పగించిన నాణెం ఏదో, ఎన్నో ఫొటో చెబుతుంది. నాలుగు ఇచ్చి మూడని రాయించుకునే తప్పు జరగదు. నాణేలు అప్పగించేటప్పుడు బరువు తూయించండి. రసీదు మీద లెక్క, బరువు రాయించండి. చదువుకొని తీసుకోండి.

ఒక జాగ్రత్త. చేను పేరుతో ఆ ఫొటోలను ఫోన్లలో అందరికీ పంపవద్దు. గుప్తనిధుల పిచ్చితో పాత గుళ్లు, కోటలు తవ్వేవాళ్లు ఉన్నారు. రాత్రికి రాత్రి చేను గుల్ల చేస్తారు.

అత్త రాసిన అర్జీ

అల్లుడు నాలుగు నాణేలకూ ఫొటోలు తీశాడు. ఒకదాన్ని తెర మీద పెద్దది చేశాడు. మట్టి సందున ఏనుగు తొండం కనబడింది.

"అబ్బా! ఇది ఏనుగు గదా నాయనా! నేను గీతలనుకుంటి" అంది అత్త.

"తోమింటే ఇది పోయేదత్తా."

అత్త కాగితం తీసుకుంది. అల్లుడు రాస్తానన్నాడు. ఆమె ఇవ్వలేదు. తేదీ వేసింది. చేను పేరు రాసింది. "రాగి నాణేలు నాలుగు" అని రాసింది. కింద వేలిముద్ర వేయలేదు. సంతకం చేసింది.

గుర్తుంచుకోండి

పాత నాణేన్ని తోమకూడదు, కరిగించకూడదు.
కెమెరా కదలకుండా, సూటిగా పెట్టాలి. వెలుతురు పక్క నుంచి రావాలి.
రెండు వైపులా, స్కేలు పెట్టి ఫొటో తీయాలి.
కలెక్టరుకు రాసి తెలపాలి. రసీదు తీసుకోవాలి.

చేసి చూడండి

ఇంట్లో ఉన్న పాత పైసా బిళ్లను తీసుకోండి. పక్క వెలుతురులో ఫొటో తీయండి. దాని మీది సంవత్సరం చదవండి.