అమెరికాలో కొయ్య అరుగు

మన యిండ్లకు వీధి అరుగెట్టిదో అమెరికాలోని యిండ్లకు పెరటివైపున డెక్కు అట్టిది. వేసవి సాయంకాలములందు కుర్చీలు వేసికొని కూర్చుండుటకును, నలుగురిని పిలిచి విందు చేయుటకును పనికివచ్చు కొయ్యవేదిక యది. అచ్చట ఇల్లు కొనిన తెలుగువారనేకులు దానిని కట్టింపదలచినప్పుడు వారికి మొదట తోచు ప్రశ్న యిది: నా పెరటిలో నేను నాలుగు బల్లలు పరచుకొనుటకు ఒకరి అనుమతి యేల?

ప్రశ్న సహజమే. మన అరుగు మట్టితో, రాతితో నింపి కట్టినది. దాని బరువును నేల మోయును. డెక్కు అట్టిది కాదు. సాధారణముగా దాని యొక అంచు స్తంభములపై నిలుచును. రెండవ యంచు ఇంటి గోడకు బిగించిన దూలమును పట్టుకొని యుండును. ఈ దూలమును లెడ్జరందురు. ప్రాణము లన్నియు దీనిమీదనే యున్నవి. వట్టి మేకులతో కొట్టినచో కాలక్రమమున అవి సడలి, విందునకు జనము నిండిన నాడే ఊడి రావచ్చును. బోల్టులతోగాని, తగిన మరమేకులతోగాని బిగింపవలెను. గోడకును దూలమునకును నడుమ వాననీరు చొరకుండ రేకు కప్పవలెను. లేనిచో కొయ్య లోలోపలనే క్రుళ్లును, పైకి తెలియదు. 2003వ సంవత్సరము జూనులో చికాగోలో ఒక యింటి వెనుక కొయ్యవసారాలు జనభారమునకు కూలి 13 మంది మరణించిరి. అవి అనుమతి లేకయే కట్టబడినవని నగరాధికారులు చెప్పిరి.

ఇక అనుమతి యెప్పుడు అక్కరలేదు? పెక్కు రాష్ట్రములు అనుసరించు గృహనిర్మాణ నియమావళి ప్రకారము డెక్కు 200 చదరపు అడుగులకు మించరాదు, నేలనుండి 30 అంగుళములకంటె ఎత్తుండరాదు, ఇంటికి అతుకరాదు, ఇంటి ముఖ్యద్వారమునకు దారి కారాదు. ఈ నాలుగును కూడియుండవలెను. 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు గల డెక్కు 192 చదరపు అడుగులే. అయినను గోడకు బిగించినచో అనుమతి కావలసినదే. ఊరూరను మార్పులుండును గనుక స్థానిక నిర్మాణశాఖను అడుగుటయే మేలు.

దరఖాస్తుతో స్థలపటము నీయవలెను. ఇల్లు, సరిహద్దులు, డెక్కు, వాని నడుమ దూరములు అందు చూపవలెను. దూలముల కొలతలు, పునాదుల లోతు వేరొక పటమున నుండవలెను. చలిదేశములలో నేలలోని నీరు గడ్డకట్టి స్తంభములను పైకెత్తును గనుక పునాది ఆ మంచుపొరకు దిగువను ఉండవలెను. చికాగోలో ఇది 42 అంగుళములు. 30 అంగుళములు మించిన ఎత్తునకు కటాంజనము తప్పదు. అది 36 అంగుళములకు తగ్గరాదు. దాని సందులలో 4 అంగుళముల బంతి దూరరాదు. పసిబిడ్డ తల ఇరుకుకొనకుండుటకే యీ కొలత.

తవ్వుటకు ముందు 811 సంఖ్యకు ఫోను చేసినచో, నేలలోని గ్యాసు, విద్యుత్తు తీగల జాడలను ఉచితముగ గుర్తించి పోవుదురు. గోతులలో కాంక్రీటు పోయకముందే పరీక్షాధికారిని పిలువవలెను. తొందరపడి గోతులు పూడ్చినవారు వానిని మరల త్రవ్వవలసివచ్చును!

మేస్త్రీ "అనుమతి మీ పేరనే తీసికొనుడు" అన్నచో కొంచెము నిదానింపుడు; అప్పుడు పనికి పూచీ మీదే యగును. కాలనీ సంఘముండినచో దాని సమ్మతి వేరు, ఊరి యనుమతి వేరు. తుది పరీక్ష ముగిసినపిదప ఇచ్చు కాగితమును ఇంటి దస్తావేజులతో దాచి యుంచుడు. ఇల్లు అమ్మునాడు కొనువారు దానినే అడుగుదురు.