లెక్కకు రాని నేరం

నేరాల వార్షిక నివేదిక వెలువడిన మరునాడు పత్రికలలో ఒక శీర్షిక తప్పక కనిపిస్తుంది. రాష్ట్రంలో నేరాలు పెరిగాయనో, తగ్గాయనో ఉంటుంది. అస్ర్ నమాజు తరువాత మా మదరసా వసారాలో పెద్దలు దానిని చదివి కాలం చెడిపోయిందని నిట్టూర్చడం మేము ఏళ్ల తరబడి వింటున్నాము. వార్తను విచారించనిదే నమ్మరాదని హుజురాత్ సూరా మనకు నేర్పింది. అంకె కూడా వార్తే కదా!

నేర రేటు అనగా లక్ష జనాభాకు నమోదైన కేసుల సంఖ్య. ఇందులో 'నమోదైన' అనే మాటను ఒత్తి చదవాలి. నేరాలు పెరగడం వేరు, నమోదు పెరగడం వేరు అని జాతీయ నేర నమోదు సంస్థ తన నివేదికలలో తానే చెబుతుంది. ఒకే ఘటనలో దొంగతనం, హత్య రెండూ జరిగితే హత్య మాత్రమే లెక్కకెక్కుతుంది. 2020లో దేశవ్యాప్తంగా కేసులు 28 శాతం పెరిగి 66 లక్షలు దాటాయి. ఆ పెరుగుదలలో అధిక భాగం కరోనా ఆంక్షలను మీరినవారిపై పెట్టిన కేసులే. దొంగతనాలు ఆ ఏడాది తగ్గాయి. పాత మొత్తాలతో పోల్చుదామంటే 2014 జూన్ 2న రాష్ట్రమే రెండయింది. మన కోనసీమ జిల్లా పుట్టినదే 2022 ఏప్రిల్ 4న. ఏడు వారాలు తిరగగానే, మే 24న, అమలాపురంలో ఇళ్లు తగులబడ్డాయి. అటువంటి ఒక్క రోజు ఒక జిల్లా ఏడాది లెక్కనే తారుమారు చేయగలదు.

అయితే మమ్మల్ని ఎక్కువగా కలచివేసేది ఏ లెక్కలోనూ కనిపించని నేరం. రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుండి ఎందరో స్త్రీలు ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళతారు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం అనుమతి పొందిన ఏజెంటే పంపాలి. అతడు కూడా 30 వేల రూపాయలకు, దానిపై పన్నుకు మించి తీసుకోరాదు. మా విద్యార్థిని తల్లి ఒకామె నగలు తాకట్టుపెట్టి, అనుమతి లేని ఒక వ్యక్తికి అంతకు మూడింతలు చెల్లించి కువైట్ వెళ్లింది. చెప్పిన పని లేదు, చెప్పిన జీతం లేదు. ఏడాదిన్నరకు వట్టి చేతులతో తిరిగివచ్చింది.

ఫిర్యాదు చేద్దామని మేము అన్నాము. ఆమె మామగారు తల వంచుకుని, "ఇంటి కోడలి పేరు స్టేషను పుస్తకంలోకెక్కితే రేపు మనవరాలికి సంబంధం ఎవరు తెస్తారు మౌల్వీగారూ?" అన్నారు. మేము మారు పలకలేదు. ఆ మౌనం మా తప్పిదమని నేడు ఒప్పుకుంటున్నాము. ఎందుకంటే మరుసటి ఏడాది అదే వ్యక్తి పక్క ఊరి నుండి మరో ఇద్దరిని పంపాడు.

ఆ సంగతి తెలిసిన సాయంత్రం ఆమే స్వయంగా మదరసా గుమ్మం దగ్గరకు వచ్చింది. "నేను ఆనాడే చెప్పి ఉంటే వాళ్లు వెళ్లేవారు కారు కదా హజ్రత్! నాతో రండి" అన్నది. మామగారు కూడా వెంట వచ్చారు. సంఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు స్వీకరించాలని 2024 జూలై 1 నుండి అమలవుతున్న కొత్త చట్టం చెబుతున్నది. అయినా మేము మా స్టేషనుకే వెళ్లాము. వాంగ్మూలం రాసుకోవడానికి రెండు గంటలు పట్టింది. ఆమె ఒక్కసారి కూడా తడబడలేదు.

ఆ విధంగా మా మండలంలో ఆ ఏడాది ఒక మోసం కేసు పెరిగింది. పక్క ఊరి స్త్రీల కుటుంబాలు కూడా తరువాత ఫిర్యాదు చేశాయి గనుక మూడు పెరిగాయి అనాలి. నగలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. వాయిదాలకు ఆమె మామగారితో కలిసి బస్సులో వెళ్లి వస్తున్నది.