ముంబయి పురపాలక వైద్యశాలలు, దంతవైద్య సేవలు: ఏ జబ్బుకు ఏ తలుపు తట్టాలి

పన్నునొప్పిని వ్యాధిగా లెక్కించని అలవాటు శ్రామిక కుటుంబాలలో చాలా కాలంగా ఉన్నది. పన్ను సలిపితే లవంగం పెట్టుకోవడం, అప్పటికీ తగ్గకపోతే మందుల దుకాణంలో నొప్పిమాత్ర కొని మింగి మరునాడు యథాప్రకారం పనికి పోవడం పరిపాటి. ఆసుపత్రికి వెళ్తే ఆ రోజు కూలీ పోతుందన్న లెక్క దీని వెనుక ఉన్నది. ఆ లెక్కలో నిజం ఉన్నది గాని, అది సగం లెక్క మాత్రమే. తొలిదశలో ఒక్కసారి పూడ్చితే నిలిచే పన్ను, కొన్ని నెలలు గడిచేసరికి మూడు నాలుగుసార్లు ఆసుపత్రికి తిప్పే చికిత్సను కోరుతుంది, లేదా ఊడబెరికించుకోవలసి వస్తుంది. నోటిలో మానని పుండు విషయంలోనైతే ఆలస్యానికి చెల్లించే మూల్యం ప్రాణమే కావచ్చు.

ముంబయి నగరానికి తెలుగువారు కొత్తవారు కారు. నిజాం రాజ్యం నుండి వచ్చి ఇక్కడి కట్టడాలలో చెమటోడ్చిన కామాఠీల పేరు మీదుగానే కామాఠిపురకు ఆ పేరు వచ్చింది. నేత పని తెలిసిన పద్మశాలీలు బట్టల మిల్లులకు వచ్చారు. పాలమూరు నుండి నిర్మాణ కూలీలు తరాలుగా వస్తూనే ఉన్నారు. మహానగరపాలిక తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడిపింది. ఇంత కాలపు అనుబంధం ఉన్నా, ఈ నగరపు ప్రజావైద్య వ్యవస్థ ఎలా అమరి ఉన్నదో, అందులో ఎక్కడ మొదలుపెట్టాలో కొత్తగా వచ్చిన కుటుంబాలలో చాలామందికి తెలియదు.

దవాఖానా, రుగ్ణాలయ్: మాటల తేడా

తెలంగాణలో చిన్నదైనా పెద్దదైనా ఆసుపత్రిని దవఖాన అనే అంటారు. ముంబయిలో ఆ మాట అర్థం కొంత కుదించుకుపోయింది. ఇక్కడ దవాఖానా అంటే పడకలు లేని, పేటలోనే ఉండే చిన్న పురపాలక వైద్యశాల. పడకలు గల ఆసుపత్రిని రుగ్ణాలయ్ అని, ప్రసవాలు జరిగే చోటును ప్రసూతిగృహ్ అని వ్యవహరిస్తారు. ఈ తేడా తెలియక 'దవాఖానా ఎక్కడ' అని అడిగి, కాలు విరిగిన మనిషిని పేట వైద్యశాలకు మోసుకుపోతే విలువైన సమయం వృథా అవుతుంది.

మహానగరపాలిక వైద్య సేవలను నాలుగు మెట్లుగా భావించవచ్చు. మొదటి మెట్టు పేట దవాఖానా. జ్వరం, దగ్గు, విరేచనాలు, చర్మవ్యాధులు, రక్తపోటు, మధుమేహం వంటి వాటికి ఇక్కడ వైద్యుని సలహా, మందులు లభిస్తాయి. 2022లో ఆరంభమైన ఆప్లా దవాఖానాలు ఈ మెట్టులోనివే. పగలంతా పనిలో ఉండేవారి సౌకర్యార్థం వీటిలో చాలా వాటిని రాత్రి 10 గంటల వరకు నడిపే ఏర్పాటు చేశారు. కూలీ పోతుందన్న భయంతో వైద్యం వాయిదా వేసేవారికి ఇది ప్రధానమైన వెసులుబాటు. వీటికి అనుబంధంగా ఏర్పడిన పాలీక్లినిక్కులలో దంతాలు, కళ్ళు, చర్మం, చెవి-ముక్కు-గొంతు, స్త్రీల వ్యాధుల నిపుణులు నిర్ణీత దినాలలో వస్తారు. రెండవ మెట్టు ప్రసూతిగృహాలు.

మూడవ మెట్టు ఉపనగరాలలోని పురపాలక ఆసుపత్రులు. ఘాట్కోపర్‌లో రాజావాడీ, బాంద్రాలోను కుర్లాలోను ఉన్న భాభా ఆసుపత్రులు, గోవండీ, కాందివలీలలో శతాబ్ది పేరుతో ప్రసిద్ధమైన ఆసుపత్రులు ఈ కోవకు చెందినవి. నాలుగవ మెట్టు వైద్య కళాశాలలతో కూడిన పెద్దాసుపత్రులు: పరేల్‌లో 1926లో ప్రారంభమైన కె.ఇ.ఎమ్., సాయన్‌లోని లోకమాన్య తిలక్ ఆసుపత్రి, ముంబయి సెంట్రల్ వద్ద నాయర్, విలేపార్లేలోని కూపర్. వీటికి తోడు భాయ్‌ఖళాలోని జె.జె. ఆసుపత్రి వంటివి రాష్ట్ర ప్రభుత్వ ఆధీనంలో ఉన్నాయి.

సాధారణ జ్వరానికి నేరుగా కె.ఇ.ఎమ్.కు వెళ్ళినవారు వరుసలోనే సగం రోజు గడుపుతారు. అదే జ్వరాన్ని పేట దవాఖానాలో చూపించుకుంటే మలేరియా రక్తపరీక్షతో సహా అక్కడే ముగియవచ్చు. వానాకాలంలో ఇది మరింత ముఖ్యం. వరద నీటిలో నడిచినవారికి, ముఖ్యంగా కాలిపై పుండు లేదా గాయం ఉన్నవారికి, లెప్టోస్పైరోసిస్ సోకే ప్రమాదం ఉన్నది. అటువంటివారు జ్వరం వచ్చేదాకా ఆగక, నీటిలో నడిచిన 72 గంటలలోగా దవాఖానాకు వెళ్ళి నివారణ మందు గురించి అడగాలి.

కేసుపేపరు విలువ

ఏ పురపాలక ఆసుపత్రిలోనైనా మొదటి పని కిటికీ వద్ద కేసుపేపరు తీయించుకోవడం. పెద్దాసుపత్రులలో దీనికి నామమాత్రపు రుసుము ఉంటుంది. బయటి రోగుల విభాగం సాధారణంగా ఉదయం పూట నడుస్తుంది. నమోదు కిటికీ మధ్యాహ్నానికి ముందే మూతపడుతుంది కనుక పెందలకడ చేరుకోవాలి. బయటి రోగిగా వైద్యుణ్ణి చూడడానికి మహారాష్ట్ర రేషన్ కార్డు తప్పనిసరి కాదు. ఊరి చిరునామా ఉన్న ఆధార్ కార్డును దాచిపెట్టవలసిన అవసరమూ లేదు.

చూపించుకున్న తరువాత కేసుపేపరును పారవేయడం అన్నిటికంటె ఖరీదైన పొరపాటు. రోగికి ఏ మందులు ఇచ్చారో, ఏ పరీక్షలు చేశారో, పైమెట్టుకు ఎందుకు పంపుతున్నారో అందులోనే ఉంటుంది. అది లేకుంటే తరువాతి వైద్యుడు మళ్ళీ మొదటినుండి ఆరంభిస్తాడు. పని వెంట తావులు మారే కుటుంబాలు కేసుపేపర్లను, ఎక్స్‌రేలను, పిల్లల టీకా కార్డును ఒకే ప్లాస్టిక్ సంచిలో భద్రపరచుకోవాలి.

ప్రమాదం జరిగినప్పుడు మాత్రం ఈ క్రమమేదీ వర్తించదు. కట్టడం మీద నుండి పడినవారిని, వాహనం ఢీకొన్నవారిని నేరుగా సమీప ఆసుపత్రి క్యాజువాల్టీకి చేర్చాలి. 108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. గాయపడినవారికి తక్షణ చికిత్స చేయడం ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులందరి బాధ్యత అనీ, పోలీసు లాంఛనాల కోసం దానిని ఆపరాదనీ సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది.

పంటి వైద్యం ఎక్కడ, ఎలా

దంతవైద్యంలో ముంబయికి ఒక ప్రత్యేక సౌకర్యం ఉన్నది. మహానగరపాలికకు సొంత దంతవైద్య కళాశాల ఉన్నది. 1933లో మొదలైన నాయర్ దంత ఆసుపత్రి ముంబయి సెంట్రల్ స్టేషనుకు దగ్గరలోనే ఉన్నది. ఫోర్ట్ ప్రాంతంలో సెంట్ జార్జ్ ఆసుపత్రి ఆవరణలో రాష్ట్ర ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉన్నది. ఈ రెండింటిలోను ప్రైవేటు వైద్యశాలల కంటె ఎంతో తక్కువ ఖర్చుతో చికిత్స లభిస్తుంది.

దంత కళాశాల ఆసుపత్రి పనితీరు ముందుగా తెలిసి ఉంటే నిరుత్సాహం కలగదు. కేసుపేపరు తీసుకున్న రోగిని మొదట పరీక్షా విభాగంలో చూస్తారు. అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు. ఆ తరువాత పన్ను తీయడానికి ఒక విభాగానికి, పూడ్చడానికి లేదా వేరుచికిత్సకు మరొక విభాగానికి, చిగుళ్ళ శుభ్రతకు ఇంకొక విభాగానికి, కట్టుడు పళ్ళకు వేరొక విభాగానికి పంపుతారు. పిల్లల దంతాలకు ప్రత్యేక విభాగం ఉంటుంది. చికిత్సలో కొంత భాగాన్ని అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు. అందువలన సమయం ఎక్కువ పడుతుంది గాని ప్రతి దశనూ పెద్దలు సరిచూస్తారు. వేరుచికిత్సకు, కట్టుడు పళ్ళకు పలుమార్లు రావలసి ఉంటుంది. తరువాతి తేదీని కేసుపేపరు మీద వ్రాయించుకుని, ఆ రోజుకు పనిలో ముందే సెలవు చెప్పుకోవడం మేలు.

నొప్పి తగ్గగానే చికిత్స మధ్యలో మానివేయడం సాధారణంగా జరిగే తప్పు. మాత్రలు నొప్పిని అణచివేస్తాయి. పంటి లోపలి చీము అలాగే ఉండిపోతుంది. దుకాణంలో అడిగి యాంటిబయాటిక్ మాత్రలు రెండు రోజులు మింగి మానివేయడం వలన అదే మందు మరొకప్పుడు పనిచేయకపోవచ్చు. పంటి వాపు దవడ కిందికి, మెడకు లేదా కంటి వైపుకు పాకినా, జ్వరం వచ్చినా, మింగడం, ఊపిరి తీయడం, నోరు తెరవడం కష్టమైనా అది అత్యవసర స్థితి. ఉదయం ఓ.పి.డి. తెరిచే వరకు వేచి ఉండక, రాత్రియైనా పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి వెళ్ళాలి.

పన్ను తీయించుకోవడానికి వెళ్ళేవారు ఏదైనా తిని వెళ్ళాలి. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు, మూర్ఛ ఉంటే, రక్తం పలుచబడే మందులు వాడుతుంటే, గర్భవతి అయితే వైద్యునికి ముందే చెప్పాలి. తీసిన తరువాత దూదిని అరగంటకు పైగా గట్టిగా కరచి ఉంచాలి. ఆ రోజు పుక్కిలించరాదు, ఉమ్మరాదు, పొగాకు ముట్టరాదు.

రెండు వారాలకు మానని పుండు

పొగాకు నమలడం శ్రమజీవుల జీవితంలో అలసటకు, ఆకలికి మందుగా స్థిరపడింది. ఈ నగరంలో తంబాకు, సున్నం కలిపి నమిలేవారు, కాల్చిన పొగాకు పొడి అయిన మిశ్రీతో పళ్ళు తోముకునే స్త్రీలు ఎందరో ఉన్నారు. ఉత్తరాంధ్రలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటు అంగిటి క్యాన్సరుకు దారితీస్తుందని వైద్యులు చాలా కాలంగా చెబుతున్నారు. మహారాష్ట్రలో 2012 నుండి గుట్కా నిషేధంలో ఉన్నా, అలవాటు మాత్రం వేరువేరు రూపాలలో కొనసాగుతూనే ఉన్నది.

నోటి క్యాన్సరు తొలిదశలో నొప్పి పెట్టకపోవచ్చు. రెండు మూడు వారాలైనా మానని పుండు, చెంప లోపల తెల్లని లేదా ఎర్రని మచ్చ, కారం తగలగానే భగ్గుమనే మంట, రోజురోజుకు తగ్గిపోతున్న నోటి వెడల్పు, కారణం లేకుండా కదులుతున్న పన్ను, మెడలో గడ్డ: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నాయర్ దంత ఆసుపత్రికి గాని, సమీపంలోని పురపాలక ఆసుపత్రికి గాని వెళ్ళి చూపించుకోవాలి. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ముక్క తీస్తే క్యాన్సరు పాకుతుందన్న భయానికి ఆధారం లేదు. ఆ భయంతో జరిగే జాప్యమే హాని చేస్తుంది. పరేల్‌లో 1941 నుండి పనిచేస్తున్న టాటా స్మారక ఆసుపత్రికి దేశమంతటి నుండి రోగులు వస్తారు. ఆ ఆసుపత్రి ఉన్న నగరంలోనే నివసిస్తూ, చివరిదశలో మాత్రమే అక్కడికి చేరడం విషాదకరం.

తల్లులు, పిల్లలు, క్షయరోగులు

గర్భం నిర్ధారణ కాగానే, మొదటి 12 వారాలలోగా, సమీప దవాఖానాలో లేదా ప్రసూతిగృహంలో పేరు నమోదు చేయించుకోవాలి. కాన్పుకు ఊరికి వెళ్ళేవారు కూడా ఇక్కడి కార్డును వెంట తీసుకుపోవాలి. గర్భిణుల చిగుళ్ళ నుండి రక్తం కారడం తరచుగా కనిపించేదే. దానిని కూడా వైద్యునికి చూపాలి. శిశువు పుట్టిన 21 రోజులలోగా జనన నమోదు జరగాలి. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం మొదలు అనేక పనులకు జనన ధ్రువపత్రమే ఆధారం.

రెండు వారాలకు మించిన దగ్గు ఉంటే కఫపరీక్ష చేయించుకోవాలి. క్షయ మందులు ఉచితం. నమోదైన రోగికి పోషకాహారం కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో జమ చేస్తారు. చికిత్స మధ్యలో ఊరికి వెళ్ళవలసి వస్తే, ముందుగా చెప్పినచో అక్కడి కేంద్రానికి బదిలీ చేస్తారు. చెప్పకుండా మందులు మానినవారికి మొండి క్షయ సోకే ప్రమాదం ఉన్నది.

ఊరి కార్డు ఇక్కడ చెల్లుతుందా

2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పేరు ప్రతి తెలుగు ఇంటికీ తెలిసినదే. అయితే సొంత రాష్ట్రపు పథకం కార్డు ముంబయిలో దానంతట అదే చెల్లుతుందని భావించరాదు. కేంద్ర పథకమైన ఆయుష్మాన్ భారత్‌లో పేరు ఉన్న కుటుంబాలకు మాత్రం ఇతర రాష్ట్రాలలోని అనుబంధ ఆసుపత్రులలో కూడా ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స పొందే వీలు ఉన్నది. ఇది ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు సంబంధించినది. మామూలు పంటి పూడికకు వర్తించదు. కుటుంబం పేరు ఉన్నదో లేదో 14555 నంబరులో అడిగి, జబ్బు రాకముందే ఆయుష్మాన్ కార్డు తీసుకోవడం ఉత్తమం. మహారాష్ట్ర రేషన్ కార్డు గలవారు మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య పథకం గురించి విచారించాలి. అనుబంధ ఆసుపత్రులలో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి ఉంటారు. ఆరోగ్యశ్రీ ద్వారా ఈ మాట తెలుగువారికి పరిచితమే. ఇక్కడ కూడా ఆయన పని అదే.

భాష అడ్డు కారాదు

మరాఠీ రానివారు మౌనంగా వెనుదిరగవలసిన పని లేదు. హిందీ దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది. నాలుగు మరాఠీ మాటలు నేర్చుకుంటే మరింత సులభం: దాత్ దుఖతోయ్ అంటే పన్ను నొప్పి, తాప్ ఆలాయ్ అంటే జ్వరం వచ్చింది, పోటాత్ దుఖతయ్ అంటే కడుపునొప్పి, ఛాతీత్ దుఖతయ్ అంటే ఛాతీలో నొప్పి. వృద్ధుల వెంట బడికి వెళ్ళే పిల్లలను దుబాసీలుగా పంపే అలవాటు ఉన్నది. స్త్రీల వ్యాధుల విషయంలో అది తగదు. పేటలో భాష తెలిసిన ఆశా కార్యకర్తనో, ఆరోగ్య సేవికనో వెంట తీసుకువెళ్ళడం మంచిది.

సమీప దవాఖానా ఎక్కడ ఉన్నదో, దాని వేళలేమిటో, దంతవైద్యుడు ఏ దినాలలో వస్తారో మహానగరపాలిక సహాయ నంబరు 1916లో గాని, వార్డు కార్యాలయంలో గాని తెలుసుకోవచ్చు. కొత్త పేటలో గది అద్దెకు తీసుకున్నప్పుడు నీళ్ళు ఏ వేళకు వస్తాయో మొదటి రోజే అడిగి తెలుసుకుంటారు. దవాఖానా ఎటువైపు ఉన్నదో కూడా ఆ రోజే తెలుసుకుంటే, నొప్పి పుట్టిన రాత్రి వెదుకులాట తప్పుతుంది.